మడి బీకర్లు

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీదే కోపం. మా ఇంట్లో దాన్ని తెలివికి గుర్తు అనేవాళ్ళు. ఆడపిల్లకి అంత కోపం పనికిరాదని ఒకవైపు తిడుతూనే, చదువుకున్న పిల్ల కదా అని ఇంకోవైపు మురిసిపోయేవాళ్ళు. ఆ మురిపెం నన్ను బాగా చెడగొట్టింది. ఎంత చెడగొట్టిందో నాకు ఉప్పల్‌లో, ఎనభైల చివర్లో, ఒక గాజు బీకరు దగ్గర తెలిసింది.

హైదరాబాదు శివార్లలో, సముద్రం వాసన కూడా సోకని ఉప్పల్ ల్యాబులో కూర్చుని నేను ఐదేళ్ళు సముద్రపు జీవుల గుడ్ల మీద పనిచేశాను. ఎవరికి చెప్పినా నవ్వేవాళ్ళు. "ఆ ఏడుపేదో విశాఖపట్నంలోనే ఏడవొచ్చుగా?" అని మా మేనమామ ప్రతి పెళ్ళిలోనూ పదిమంది ముందు అడిగేవాడు. ఏం చెప్పను? యంత్రాలు ఇక్కడున్నాయి, నా పరిశోధన చేయించే సారు ఇక్కడున్నారు. అందుకని సముద్రాన్నే రైల్లో తెప్పించుకునేవాళ్ళం. చలికాలం రాగానే రెండు వారాలకోసారి సికింద్రాబాద్ స్టేషనుకి పొద్దున్నే పార్సిలు వచ్చేది. థర్మోకోల్ పెట్టెలో తడిగుడ్డల మధ్య నల్లటి ముళ్ళబంతులు. వాటిని సీ అర్చిన్లంటారు. వాటితో పాటు నాలుగు క్యాన్ల సముద్రపు నీళ్ళు. ఆటోవాడు ఒక్కోసారి క్యాను మూత దగ్గర వాసన చూసి, ఇదేం నీళ్ళు మేడమ్ అని మొహం చిట్లించేవాడు.

ముళ్ళబంతికి ఒక సూది మందు ఇచ్చి బీకరు మీద తలకిందులుగా పెడితే, ఆడదైతే గుడ్లు సన్నటి బొంబాయి రవ్వలా నీళ్ళ అడుక్కి జారేవి. మగదైతే పాలచుక్కలాంటిది కారేది. రెండూ కలిపి సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్క నిమిషంలో గుడ్డు చుట్టూ పల్చటి పొర లేచేది. ఆ పొర లేస్తే గుడ్డు ఫలించినట్టు. అక్కణ్ణుంచి దాని లోపల ప్రోటీన్ల తయారీ మొదలవుతుంది. అంతవరకూ ఆ గుడ్డు చల్లారిన పొయ్యి. మగకణం తాకిన కొద్దిసేపటికే పొయ్యి రాజుకుంటుంది. విడ్డూరం ఏమిటంటే, ఏమేం వండాలో చెప్పే చీటీలన్నీ తల్లి ముందే రాసి, మడిచి, గుడ్డులో దాచి ఉంచుతుంది. కొత్త చీటీ ఒక్కటీ పుట్టకుండా మందు వేసి ఆపినా ఆ మొదటి గంటల వంట ఆగదు. అంతా తల్లి రాత మీదే నడుస్తుంది. ఇది నేను కనిపెట్టింది కాదు, అప్పటికే అందరికీ తెలుసు. తల్లి చీటీలు ఏ గంటకి చాలకుండా పోతాయి, పిండం తన చీటీలు తాను రాసుకోవడం ఎప్పుడు మొదలుపెడుతుంది అన్నది నా థీసిస్.

ఈ పిండాలంత సున్నితమైన వస్తువుని నేను ఇంతవరకూ చూడలేదు. ఒక బీకరుకి ఒక్కసారి సబ్బో ఫార్మలినో తగిలిందా, తర్వాత ఎన్ని నీళ్ళు పోసి కడిగినా అందులో అవి బతకవు. అందుకని వాటి గాజుసామాను వేరు, అది పెట్టే బీరువా వేరు, కడిగే తొట్టి వేరు. ఒట్టి నీళ్ళతో కడగాలి, చివర శుద్ధజలంతో తొలవాలి. మిగతా సామాను ముట్టుకున్న చేత్తో దాన్ని ముట్టుకోకూడదు. ఇంత చాదస్తం ఉన్న సామానుకి ఒక పేరు కావలసి వచ్చింది. పేరు పెట్టింది నేనే.

మా నాయనమ్మ మడి కట్టుకుని వంటింట్లోకి వెళ్తే మేము పిల్లలం గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. "దూరం, దూరం!" అని ఆవిడ అరుస్తుంటే కావాలని వెళ్ళి కొంగు ముట్టుకుని పారిపోయేదాన్ని. ఆవిడ మళ్ళీ తలస్నానం చేసేది. పెద్దయ్యాక ఆ మడీ తడీ చూసి మహా వెటకారం చేశాను. అందుకే ల్యాబులో ఆ బీరువా చూపించి "ఇవి మడి బీకర్లు" అన్నప్పుడు నాకు నేనే ఎంతో తెలివైనదానిలా అనిపించాను. అందరూ నవ్వారు. పేరు అతుక్కుపోయింది. బీకర్లకి పసుపు టేపు అంటించి దాని మీద "మ" అని రాశాను. ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే మా సారు కూడా బీకరు చేతిలోకి తీసుకునే ముందు "ఇది మడేనా?" అని అడిగేవారు. పంజాబు నుంచి వచ్చిన కుర్రాడు కూడా మడి అనే అనేవాడు.

ఆ సామాను కడగడానికి ఒకామె వచ్చింది. నాచారం నుంచి నడిచి వచ్చేది. రోజుకూలి. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆమె నన్ను మీరు అనేది, నేను ఆమెను నువ్వు అనేదాన్ని. అది తప్పని నాకు అప్పుడు తట్టనే లేదు. మొదటి రోజు బీరువా తెరిచి చూపించాను.

"ఇదిగో చూడు, పసుపు టేపు ఉన్నవన్నీ మడి. వీటికి సబ్బు తగలకూడదు. ఆ గిన్నెలు ముట్టుకున్న చేత్తో ఇవి ముట్టుకోకూడదు. మడి అంటే తెలుసా?"

ఆమె బీరువా వంక చూసింది, నా వంక చూసింది. "ఎరికేనమ్మా," అంది. మళ్ళీ తనే, "మంచిగ ఎరికె" అంది.

హమ్మయ్య, వివరించే పని తప్పింది అనుకున్నాను.

ఆమె పని చూస్తే నాకే సిగ్గేసేది. మడి తొట్టి వైపు సబ్బు డబ్బా రానిచ్చేది కాదు. ఎవరైనా మరిచిపోయి ఒక మామూలు ఫ్లాస్కు అటు పెడితే, "సార్, గది గీడ పెట్టకున్రి" అని నిర్మొహమాటంగా చెప్పేది. కడిగినవాటిని తెల్లగుడ్డ మీద బోర్లించి, మీద ఇంకో గుడ్డ కప్పేది. మధ్యాహ్నం మేమంతా లోపల బల్ల దగ్గర తినేవాళ్ళం. ఆమె డబ్బా తెచ్చుకుని వెనక మెట్ల మీద కూర్చునేది. రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఒకరోజు ఆమెకి సూక్ష్మదర్శినిలో చూపించాను. గుడ్ల మీద పాలచుక్క వేసి, కదలకుండా చూడమన్నాను. కాసేపటికి, "అగ్గో! లేసిందమ్మా, లేసింది! ఒకటెనక ఒకటి లేస్తున్నయ్!" అని చంటిపిల్లలా అరిచింది. చీటీల కథ చెప్పాను. తల్లి అంతా ముందే రాసి పెడుతుందని, మొదటి గంటలన్నీ దాని మీదే గడుస్తాయని.

"మరి తండ్రేం జేస్తడమ్మా?"

"తలుపు తడతాడు. తర్వాత ఎప్పుడో ఆయన వంతూ వస్తుందిలే."

"గంతే. యాడైనా గంతే," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గదిలో మేమిద్దరం కలిసి నవ్విన రోజు నాకు గుర్తున్నంతవరకూ అదొక్కటే.

ఆమె ఇల్లు ఆమె రెక్కల మీదే నడిచేది. భర్తకు దమ్ము. మల్లాపూర్‌లో ఏదో కార్ఖానాలో చేసేవాడట, ఊపిరి అందక మానేశాడు. ఆ ఏడాది రోజుకూలి మీద ఉన్నవాళ్ళలో ముగ్గుర్ని పర్మనెంటు చేస్తారని కబురు వచ్చింది. ఆమె ఆ కబురు నాకు చెప్తూ చేతిలో బీకరు పక్కన పెట్టింది. చేతిలో గాజు ఉండగా మాట్లాడేది కాదు.

"పర్మనెంటైతే దవాఖానా కార్డు ఒస్తదంటమ్మా. ఇంటోల్లందరికీ సూస్తరంట. మా ఆయనకు ఒక్కటే ఫికరు, ఒచ్చే చలికాలం ఎల్తదో ఎల్లదో అని. గా కార్డొస్తే సాలు."

"వస్తుందిలే. నీకు కాకపోతే ఇంకెవరికిస్తారు?" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ చలికాలమే నా తెడ్డు విరిగింది. పెద్ద బీకర్లో పిండాలు అడుక్కి చేరి ఊపిరాడక చావకుండా వాటిని నెమ్మదిగా కలుపుతూ ఉండాలి. దానికి ఒక చిన్న మోటారు, దానికి గాజు తెడ్డు. పార్సిలు వచ్చే ముందురోజు హడావుడిలో నేనే దాన్ని తొట్టి అంచుకి కొట్టి విరగ్గొట్టాను. గాజు పనివాడు వారం అన్నాడు. వారం ఎవరు ఆగుతారు? మల్లాపూర్‌లో ప్లాస్టిక్ పలకలు కోసే ఒక చిన్న షెడ్డు ఉందంటే పరిగెత్తాను. అక్కడి ఆయన నేను గీసిన బొమ్మ చూసి, ఒక పలక కోసి, కడ్డీకి ఏదో మందుతో అతికించాడు. మంచి పనివాడు. అంచులు కూడా నున్నగా అరగదీశాడు.

"ఏం నీళ్లల్ల దింపుతరు మేడమ్? మంచినీళ్లేనా?" అని అడిగాడు.

ఉప్పల్‌లో సముద్రపు నీళ్ళు అని చెబితే ఇక కథంతా చెప్పాలి. నాకు ఓపిక లేదు. పైగా వెటకారం. "మంచినీళ్ళేనయ్యా. మామూలు మంచివి కూడా కాదు, మడి నీళ్ళు" అన్నాను.

"మంచినీళ్లకైతే ఫికర్ లేదు. పదేండ్లు ఒస్తది," అన్నాడు.

వేరే నీళ్ళయితే ఏమవుతుందని నేను అడగలేదు. తెడ్డు సంచిలో వేసుకుని వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న ఆమె దాన్ని కడుగుతూ ముక్కు దగ్గర పెట్టుకుంది. "అమ్మా, గీ తెడ్డు వాసనొస్తున్నది. మడి బీరువల పెట్టాల్నా?"

"కొత్తది కదా, వస్తుంది. అక్కడే పెట్టు."

"సబ్బు వాసన గాదమ్మా, ఇంకేందో..."

"పెట్టమన్నానుగా!"

పెట్టింది.

ఆ రోజు గుడ్లు ఫలించాయి. పొరలు లేచాయి. రేడియోధార్మికత ఉన్న అమైనో ఆమ్లం కలిపి, పావుగంటకోసారి కొంచెం నీరు తీసి, అందులో ఎంత ప్రోటీను తయారైందో యంత్రంలో లెక్కపెడుతూ కూర్చున్నాను. మొదట అంకెలు బాగానే పైకెక్కాయి. రెండో గంట దాటాక నీరసించాయి. సాయంత్రానికి కుప్పకూలాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే పిండాల్లో కణాలు ఒకదాన్నొకటి వదిలేసి, పిండి రాలినట్టు విడిపోతున్నాయి. పార్సిల్లో జీవులు పాడై ఉంటాయి అనుకున్నాను. రెండో పార్సిలూ అంతే. మూడోదీ అంతే. నా ఫెలోషిప్పుకు మిగిలింది ఆ ఏడూ, వచ్చే చలికాలమూ. సీజను అయిపోవస్తోంది.  సారు అంకెల కాగితం చూసి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకునేవారు. ఆయన తిడితే ఎంత బావుండేదో!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అదే గుడ్లలో కొన్నిటిని చిన్న గిన్నెల్లో పోసి కిటికీ దగ్గర పెట్టేవాళ్ళం, చూడటానికి. అవీ మడి గిన్నెలే, అవీ ఆమె కడిగినవే. వాటిలో పిండాలు నిక్షేపంగా ఈదుతున్నాయి. నేను రోజూ చూశాను. నోటుపుస్తకంలో రాశాను కూడా. కళ్ళెదుట ఉన్నది చూసి, రాసి, దాని అర్థం మాత్రం చదవలేదు. ఎందుకంటే తప్పు ఎవరిదో అప్పటికే తేల్చేసుకున్నాను.

మూడో పార్సిలు పోయిన రోజు అరికాలి మంట నెత్తికెక్కింది. తొట్టి దగ్గరికి వెళ్ళాను. ఆమె కొళాయి కింద బీకరు తిప్పుతోంది.

"పెద్ద బీకరు ఎందులో కడిగావు?"

"మడి తొట్లనే కడిగినమ్మా."

"అబద్ధాలాడకు. మామూలు సామానుతో కలిపేశావు."

"నేను కలపలేదమ్మా."

"మరి ఎలా చచ్చాయి? మూడుసార్లు! నీకు తెలియకపోతే అడగాలి. అయినా మీకేం తెలుస్తుందిలే మడి!"

అన్నాను. "నీకేం తెలుస్తుంది" అన్నా ఒక తీరు. "మీకేం తెలుస్తుంది" అన్నాను. ఆ "మీ"లో ఎవరెవరు ఉన్నారో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. మా నాయనమ్మ కూడా అంత మాట అంత గట్టిగా ఎవరి మొహానా అనలేదు. ఆవిడ దూరంగా ఉండేది, అంతే. దాన్ని వెక్కిరించిన నేను దగ్గరికి వెళ్ళి మరీ అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు పెద్దలు.

ఆమె కొళాయి కట్టేసింది. బీకరును గుడ్డ మీద బోర్లించింది. "నేను కలపలేదమ్మా," అని ఇంకొక్కసారి అంది, నా వైపు చూడకుండా.

ఆ వారంలోనే సారు పిలిచారు. "పర్మనెంటు చేసేవాళ్ళ గురించి ఆఫీసువాళ్ళు అభిప్రాయం అడిగారమ్మా. మీకు ఆమె పని బాగా తెలుసు కదా. రెండు ముక్కలు రాసివ్వండి, సంతకం పెట్టి పంపుతాను."

రెండు ముక్కలే రాశాను. ఇంగ్లీషులో రాశాను. కష్టపడి పనిచేస్తుంది, కానీ పిండాల గాజుసామాను విషయంలో ఆమెను నమ్మలేం. సారు చదివి, "ఇది ఖాయమేనా?" అని అడిగారు. "మూడుసార్లు జరిగింది సార్" అన్నాను. ఆయన సంతకం పెట్టారు. నేను కాగితం మడిచి, కవరులో పెట్టి, అంటించి, ఆఫీసులో ఇచ్చి రమ్మని ఆమె చేతికే ఇచ్చాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని మరీ అందుకుంది, కవరు తడవకుండా.

ముగ్గురిలో ఆమె లేదు. పైగా, పర్మనెంటువాళ్ళు వచ్చాక రోజుకూలివాళ్ళు అక్కర్లేదన్నారు. నెలాఖరున బీరువా తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"రేపటి సంది ఒద్దన్నరమ్మా."

"అయ్యో" అన్నాను. ఆ మాటకు ఎంత విలువుందో నాకే తెలుసు.

"రెండిటికి పచ్చ టేపు ఊడిపోయింది. అవి కింది అరల ఏరే పెట్టిన. తెల్వక మామూలు సామాన్ల కలుపుతరేమో, జర సూస్కోన్రి." ఇంత చెప్పి వెళ్ళిపోయింది. పసుపును పచ్చ అంటుందని కూడా ఆ రోజే గమనించాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఈసారి ఎవర్నీ నమ్మదలచుకోలేదు. సామాను నేనే కడిగాను. వేళ్ళు కొంకర్లు పోయేదాకా కడిగాను. కొత్తగా వచ్చిన పర్మనెంటు అటెండరు గుమ్మంలో నిలబడి, "మేడమ్, గంత గనం కడుగుతరా?" అని ఆశ్చర్యపోయేవాడు. పార్సిలు వచ్చింది. గుడ్లు ఫలించాయి. అంకెలు ఎక్కాయి. రెండో గంట దాటాక నీరసించాయి. సాయంత్రానికి కుప్పకూలాయి.

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ సామాను నా రెండు చేతులు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. కిటికీ దగ్గర చిన్న గిన్నెల్లో పిండాలు హాయిగా ఈదుతున్నాయి. పెద్ద బీకర్లో ఉండి, చిన్న గిన్నెల్లో లేనిది ఏమిటి? ఇది కాలేజీ పిల్లను అడిగినా చెబుతుంది. తెడ్డు తీసి వాసన చూశాను. ఏడాది బీరువాలో మూసి ఉన్నా ఉంది వాసన. సన్నగా, ముక్కు చివర తగిలేలాగ. అతికించిన చోట మందు ఉప్పునీళ్ళకి కరిగి, జిగటగా వేలికి అంటింది.

మర్నాడు తెడ్డు పక్కన పెట్టి, గాజు కడ్డీతో చేత్తో కలుపుతూ కూర్చున్నాను, భుజం పడిపోయేదాకా. అంకెలు ఎక్కుతూనే ఉన్నాయి. రెండో గంట, మూడో గంట, సాయంత్రం. పిండాలు గుండ్రంగా, నిండుగా తిరుగుతున్నాయి. నా థీసిస్ ఆ రోజు బతికింది. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. సంతోషంతో అనుకున్నారు బయటివాళ్ళు.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, నా తప్పు ఎవరి మీదో వేశాను. అది ఒక్కటే అయితే మనుషులన్నాక చేస్తారు అనుకోవచ్చు. నేను నేర్చుకున్న పని ఏమిటి? ఒకదాన్ని కారణమని చెప్పేముందు, అది లేకుండా ఒకసారి చేసి చూడటం. గుడ్ల విషయంలో ఆ పని చేయకుండా ఒక్క వాక్యం కూడా రాసేదాన్ని కాదు. ఒక మనిషి విషయంలో రాసేశాను. ఆమె కడగని బీకర్లో ఒక్కసారి, ఒక్క పూట, పోసి చూస్తే తేలిపోయేది.

సారుకు చెప్పాను.  "ఆఫీసుకు ఇంకో ఉత్తరం రాద్దాం," అన్నారు. రాశాం. ఖాళీలు నిండిపోయాయని, మళ్ళీ ఎప్పుడైనా ఉంటే చూస్తామని జవాబు వచ్చింది. "ప్రయోగమైతే మళ్ళీ చేసుకుంటామమ్మా," అన్నారు సారు. ఆయన కూడా సంతకం పెట్టారు కదా. ఆ తర్వాత ఆయన నా దగ్గర మడి అన్న మాట వాడలేదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం నాచారం వెళ్ళాను. బస్సు దిగి, కార్ఖానాల వెనక సందులో అడుగుతూ వెళ్తే రేకుల ఇల్లు చూపించారు. గుమ్మం పక్కన నులకమంచం మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ఒక్కో ఊపిరీ లాక్కుంటున్నాడు. లోపలికి వెళ్తున్నప్పుడు ఈల వేసినట్టు వినిపించింది. చలికాలం అయితే గడిచింది, మనిషి మాత్రం సగమై ఉన్నాడు.

"అమ్మా, మీరా!" అంటూ ఆమె బయటికి వచ్చింది. లోపలికి తీసుకెళ్ళి, పీట మీద గుడ్డ పరిచి కూర్చోమంది. ఇప్పుడు ఒక కార్ఖానాలో మందుల సీసాలు కడిగే పనిలో ఉన్నానని చెప్పింది. చేతులు చూశాను. అరచేతుల్లో తోలు లేచిపోయి ఉంది.

"సోడా నీళ్లమ్మా, గట్లనే ఉంటది. మీ కాడ సబ్బు లేకుండె గద, చేతులు మంచిగుండె," అంది, అదేదో నా గొప్పతనం అన్నట్టు.

చెప్పాను. తెడ్డు సంగతి, మందు సంగతి, చిన్న గిన్నెల సంగతి. కవరులో ఏం రాశానో కూడా చెప్పాను. ఆమె చేతికే ఇచ్చిన కవరు అని చెప్పాను.   చెబుతున్నంతసేపూ బయట మంచం మీది ఈల వినిపిస్తూనే ఉంది. 

"తెడ్డు వాసనొస్తున్నదని సెప్పిన గదమ్మా," అంది.

"చెప్పావు... చెప్పారు," అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. ఆ "చెప్పారు" ఆమెకి వినపడింది. అంత ఆలస్యంగా ఇచ్చిన మర్యాద ఏం చేసుకుంటుంది?

"పోనీ తియ్యున్రి. గుడ్లన్నా మంచిగైనయ్ గద," అంది. వెక్కిరింపు కాదు. వెక్కిరింపే అయితే భరించేదాన్ని.

నాకు దగ్గు వచ్చింది. "కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాను.

ఆమె లేచింది. కుండ వైపు చూసింది, ఆగింది. "జర కూసోన్రి, సోడా తెస్త. పక్కకే దుకానం."

"వద్దు, మంచినీళ్ళు చాలు."

"మీరు మడి గదమ్మా," అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కుండ ఆ మూలనే ఉంది. మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు. ఆమె కడిగితే ఎలా ఉంటుందో నాకన్నా ఎవరికి తెలుసు? అంతకన్నా శుభ్రమైన గ్లాసు హైదరాబాదులో ఏ ఇంట్లోనూ ఉండి ఉండదు. నేను కూర్చున్న పీటకి రెండడుగుల దూరం. లేచి, ముంచుకుని, తాగేసి, ఆమె వచ్చేసరికి ఖాళీ గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడొచ్చు. నేను చెప్పుకున్న క్షమాపణంతా కలిపినా ఆ ఒక్క గ్లాసుకు సరితూగేది కాదని కూడా అప్పుడే, అక్కడే తెలిసింది. లేవలేదు. అడక్కుండా వాళ్ళ కుండ ముట్టుకుంటే బాగుండదని నాకు నేను చెప్పుకున్నాను. కారణం అదొక్కటేనని ఈ రోజుకీ ఒట్టేసి చెప్పలేను.

ఆమె ఎండలో గబగబా వచ్చింది. గోలీ సోడా సీసా నా కళ్ళముందే నొక్కి, గోలీ లోపలికి జారాక అందించింది.

"తాగున్రమ్మా. లోపట ఎవరి చెయ్యి వడలే."

తాగి, ఖాళీ సీసా ఆమె చేతికే ఇచ్చాను.